నెల్లూరు కేసు: పన్నెండు లక్షల అప్పు అడిగిన బయోమెడికల్ సీటు

2020 నవంబరు చివర్లో, నివర్ తుఫాను వానలు వెలిసిన మూడో రోజు ఒక తండ్రీ కూతురూ దర్గామిట్టలోని నా గదికి వచ్చారు. ఇందుకూరుపేట వైపు పల్లె వాళ్లది. నారుమళ్లు ఇంకా నీళ్లలోనే ఉన్నాయట. అయినా ఆ రోజే రావడానికి కారణం ఉంది. మద్రాసు పక్కన ఒక ప్రైవేటు యూనివర్సిటీలో అమ్మాయికి బీటెక్ బయోమెడికల్ ఇంజినీరింగ్ (వైద్య పరికరాల ఇంజినీరింగ్) సీటు ఇస్తామన్నారు. వారం లోపల మొదటి ఏడాది ఫీజు కట్టకపోతే సీటు పోతుందని రోజూ ఫోన్లు చేస్తున్నారు. తండ్రి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఇంటి దస్తావేజు.

నేను ఇరవై ఆరేళ్లు బ్యాంకులో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం కావలి, పొదలకూరు, నెల్లూరు శాఖల్లో అప్పుల విభాగంలోనే. రిటైరయ్యాక చదువు అప్పుల మీద సలహాలిస్తున్నాను. ఈ కుటుంబం అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. పేర్లు, ఊరు, కాలేజీలు, బ్యాంకు చెప్పను. అంకెలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. బయోమెడికల్ లాంటి కోర్సుకు అప్పు చేసే ముందు ఏ అంకెను ఏ అంకె పక్కన పెట్టి చూడాలో ఐదేళ్లలో ఈ ఒక్క కేసు నాకు చాలా నేర్పింది.

వాళ్లు తెచ్చిన కాగితం ప్రకారం ఖర్చు ఇది. ట్యూషన్ ఫీజు ఏడాదికి 2.5 లక్షలు, నాలుగేళ్లకు 10 లక్షలు. హాస్టల్, మెస్ కలిపి నాలుగేళ్లకు 4 లక్షలు. ల్యాప్‌టాప్, పరీక్ష ఫీజులు, రాకపోకలకు 60 వేలు. మొత్తం 14.6 లక్షలు. ఇంట్లో పోగుచేసింది 2.6 లక్షలు. అంటే 12 లక్షలు అప్పు కావాలి.

"పన్నెండు లక్షలు సార్. పాపకు ఉద్యోగం వస్తే తీరిపోదా?" అన్నాడు తండ్రి.

చదువు అప్పు అడిగేవాళ్లలో చాలామంది ఇక్కడే పొరపడతారు. తీర్చాల్సింది పన్నెండు లక్షలు కాదు. చదివే నాలుగేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది ఈఎంఐ ఉండదు. దీన్ని మారటోరియం అంటారు. ఈఎంఐ ఆగుతుంది గానీ వడ్డీ ఆగదు. ఈ కాలంలో సాధారణ వడ్డీ లెక్కగడతారు, చివర్లో దాన్ని అసలులో కలుపుతారు. అప్పటి రేటు అమ్మాయిలకిచ్చే తగ్గింపు పోను 8.5 శాతం. ఏటా 3 లక్షలు విడుదలవుతుంది. మొదటి ఏడాది తీసుకున్న 3 లక్షల మీద ఐదేళ్ల వడ్డీ, రెండో ఏడాది దాని మీద నాలుగేళ్లు, మూడో దాని మీద మూడేళ్లు, నాలుగో దాని మీద రెండేళ్లు. మొత్తం పద్నాలుగేళ్ల వడ్డీ. ఏడాదికి 25,500 చొప్పున 3,57,000. ఈఎంఐ మొదలయ్యే నాటికి అప్పు 15.57 లక్షలు.

దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 19,300. పదిహేనేళ్లకు పెంచితే 15,300. పదిహేనేళ్లలో కట్టేది మొత్తం 27.6 లక్షలు.

ఈ అంకెలు చెప్పినా ఆయన ముఖంలో మార్పు లేదు. లక్షల్లో చెబితే ఆ బరువు ఆయనకు తెలియలేదు. అందుకని పుట్ల లెక్కలోకి మార్చాను. మన నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. ఆ ఏడాది సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 1,868. పుట్టికి 15,878. పన్నెండు లక్షలంటే 76 పుట్లు. వడ్డీ కలిసి 15.57 లక్షలయ్యేసరికి 98 పుట్లు. ఆయనకున్నది మూడెకరాలు. ఎకరాకు మూడు పుట్ల చొప్పున కారుకు, అంటే ఒక పంటకు, తొమ్మిది పుట్లు. దుక్కి, నాట్లు, ఎరువులు, కోత కూలి ఏదీ తీయకుండా, గింజ కూడా ఇంటికి మిగుల్చుకోకుండా అమ్మితే దాదాపు పదకొండు కార్ల పంట.

ఆయన పెన్ను తీసుకుని, కాగితం వెనకవైపు 98 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు. "మద్దతు ధరకు యాడ కొన్నారు సార్, మొన్న ఎడగారు పంటలో" అని మాత్రం అన్నాడు. అంటే ఆయన లెక్కలో పుట్లు ఇంకా ఎక్కువే.

ఇదంతా అప్పు వైపు. సంపాదన వైపు మా దగ్గర ఉన్నది యూనివర్సిటీ బ్రోచరు ఒక్కటే. దాని మీద పెద్ద అక్షరాల్లో ఒక ప్యాకేజీ. అది ఏ బ్రాంచి విద్యార్థికి వచ్చిందో, ఎంతమందిలో ఒక్కరికి వచ్చిందో లేదు. బ్రాంచివారీగా లిస్టు పంపమని అమ్మాయి చేత మెయిల్ పెట్టించాను. సమాధానం రాలేదు. అప్పుడు ఆ అమ్మాయికి ఒక పని అప్పజెప్పాను. లింక్డిన్‌లో ఆ యూనివర్సిటీ, ఇంకో రెండు కాలేజీల బయోమెడికల్ పాత విద్యార్థులను వెతికి, చేరిన మొదటి నెల చేతికొచ్చింది ఎంత అని అడగమన్నాను. ప్యాకేజీ అడగొద్దని చెప్పాను. సీటీసీలో, అంటే కంపెనీ ఉద్యోగి మీద పెట్టే మొత్తం ఖర్చులో, పీఎఫ్ రెండు వాటాలూ, ఇన్సూరెన్సూ, వస్తుందో రాదో తెలియని ఇన్సెంటివూ కలిపి చెబుతారు. ఈఎంఐ కట్టేది బ్యాంకు ఖాతాలో పడిన డబ్బుతో.

నాలుగు రోజుల్లో ఏడుగురు మాట్లాడారు. నిజానికి ఆ పిల్లల ఓపికకు దండం పెట్టాలి, ముక్కూ మొహం తెలియని అమ్మాయికి జీతం స్లిప్పు ఫొటో పంపినవాళ్లు కూడా ఉన్నారు. ముగ్గురు ఐటీ కంపెనీల్లో ఉన్నారు, మొదటి జీతం 26 నుంచి 30 వేల మధ్య. ఇద్దరు ఆసుపత్రుల బయోమెడికల్ విభాగంలో, ఒకరికి 14 వేలు, ఒకరికి 17 వేలు. ఒకబ్బాయి పరికరాలమ్మే డీలరు దగ్గర సర్వీస్ ఇంజినీరు, 20 వేలు, తిరుగుడు ఖర్చులు వేరే. ఇంకొకమ్మాయి ఎంటెక్ చదువుతోంది.

తండ్రి 30 వేల దగ్గర ఆగాడు. "ఇది బాగానే ఉంది గదా సార్."

బాగానే ఉంది. కానీ ఆ ముప్పై వేలు బయోమెడికల్ ఖాతాలో వేయకూడదు. ఆ పిల్లవాడు చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఆ ఉద్యోగం ఈసీఈ చదివినా వచ్చేది, ట్రిపుల్ఈ చదివినా వచ్చేది. డిగ్రీ విలువ కట్టాలంటే ఆ డిగ్రీ ఉంటేనే దొరికే ఉద్యోగాల జీతం చూడాలి. అలా చూస్తే మా దగ్గర మిగిలినవి మూడే అంకెలు: 14, 17, 20 వేలు. వాటి పక్కన 15,300 ఈఎంఐ. మద్రాసులో గది అద్దె, తిండి ఇంకా లెక్కలోకే రాలేదు.

నా అనుభవంలో మొదటి జీతంలో ఈఎంఐ మూడో వంతు దాటకూడదు. 40 శాతం దాకా ఎలాగో ఈదగలరు, అదీ ఇంటి నుంచి అండ ఉంటే. ఇక్కడ 90 శాతం పైన ఉంది.

ఇంటి దస్తావేజు సంగతి మరీ బాధ పెట్టింది. బ్యాంకులో 4 లక్షల వరకు చదువు అప్పుకు హామీ అడగరు. 7.5 లక్షల వరకు కేంద్రం పెట్టిన క్రెడిట్ గ్యారంటీ నిధి కింద తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. అది దాటితే ఆస్తి తనఖా పెట్టాల్సిందే. పొలం పెడతానంటే చాలా బ్యాంకులు ఒప్పుకోవు. కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, బాకీ పడితే దాన్ని ఆ చట్టం కింద స్వాధీనం చేసుకోలేరు. అందుకే ఇల్లు అడుగుతారు. ఈ ఇల్లు ఆ అమ్మాయి అవ్వ పేరు మీద ఉంది. రెండోసారి వచ్చినప్పుడు అవ్వను కూడా తీసుకొచ్చారు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు, గడప దగ్గరే నిలబడింది.

"కాగితం తీసుకెళ్తే మళ్లీ ఎప్పుడిస్తారు నాయనా?" అంది.

ఐదేళ్లు మారటోరియం, ఆ పైన పదిహేనేళ్లు అని చెప్పాను.

"ఇరవయ్యేళ్లు. అప్పటికి నేను యాడుంటాను" అని మనవరాలి వైపు చూసింది. "పాప చదవాలంటే పెట్టుకోండి. సంతకం యాడ చెయ్యాల?"

ఆ సంతకం పెట్టించకుండా ఈ పని జరగాలని ఆ రోజే అనుకున్నాను.

నేనిచ్చిన మొదటి సలహా వేరు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఆ అమ్మాయి ర్యాంకుకు నెల్లూరు దగ్గర్లోనే ఒక కాలేజీలో కన్వీనర్ కోటాలో ఈసీఈ వచ్చే అవకాశం ఉంది. కుటుంబ ఆదాయం 2.5 లక్షల లోపు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంది. ఈసీఈ చదివి, గేట్ రాసి, ఎంటెక్‌లో బయోమెడికల్‌కు వెళ్లొచ్చు. గేట్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్‌కు విడిగా పేపరు 2020లోనే మొదలైంది. గేట్‌తో ఎంటెక్‌లో చేరినవాళ్లకు నెలకు 12,400 స్టైపెండు వస్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లో ఆ విభాగం ఉంది. ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ కలిసి నడిపే క్లినికల్ ఇంజినీరింగ్ ఎంటెక్ ఉంది. అప్పు లేకుండా అదే రంగంలోకి వెళ్లే దారి ఇది. ఇప్పటికీ నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమందికి ఇదే చెబుతాను.

అమ్మాయి ఒప్పుకోలేదు. కారణం అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఆ సెప్టెంబరులో వాళ్ల మేనమామకు కోవిడ్ వచ్చి ఒక ఆసుపత్రిలో చేర్చారు. వార్డు మూల ఒక వెంటిలేటరు దుప్పటి కప్పి ఉంది. ఎందుకు వాడరని నర్సును అడిగితే, చెడిపోయింది, బాగుచేసే మనిషి మద్రాసు నుంచి రావాలి, లాక్‌డౌన్ నుంచి రాలేదు అందట. మేనమామ బతికి బయటపడ్డాడు, ఆ మిషను అవసరం లేకుండానే. కానీ ఆ దుప్పటి ఈ పిల్ల బుర్రలో ఉండిపోయింది.

"మిషన్ ఉంది సార్. మనిషి లేడు. నేను ఆ పని నేర్చుకుంటాను. నాలుగేళ్లు ఇంకోటి చదివి తర్వాత చూద్దామంటే మళ్లీ ఇటు రాను, ఐటీలోకి పోతాను. నా సంగతి నాకు తెలుసు."

పద్దెనిమిదేళ్ల పిల్ల అంత స్పష్టంగా మాట్లాడితే అప్పుల లెక్క ఒక్కటే పట్టుకుని కూర్చోలేం. ఇష్టం లేని కోర్సులో చేరి, బ్యాక్‌లాగులతో ఆరేళ్లకు బయటపడ్డ పిల్లలను నేను చూశాను. వాళ్ల అప్పు కూడా తీరలేదు. కాబట్టి ప్రశ్న మార్చుకున్నాం. ఈ కోర్సు చదవాలా వద్దా అన్నది వదిలేశాం. ఈ కోర్సు తెచ్చే మొదటి జీతం ఎంత అప్పును మోయగలదు? అక్కడి నుంచి వెనక్కి లెక్కేశాం.

మొదటి జీతం 16 వేలనుకున్నాం. ఈఎంఐ 6 వేల దగ్గర ఆపాలి. 8.5 శాతానికి పదేళ్ల కాలంలో ఆ ఈఎంఐ మోసే అప్పు దాదాపు 4.8 లక్షలు. అంటే ఐదు లక్షలకు మించి తీసుకోకూడదు, వడ్డీ కూడా చదువు కాలంలో పోగుపడకూడదు. అవ్వ ఇంటిని తనఖా పెట్టే పని లేదు.

ఐదు లక్షల్లో ఏ కాలేజీ దొరుకుతుంది? అమ్మాయి మాట్లాడిన ఏడుగురిలో ఇద్దరు చదివింది మద్రాసు శివార్లలోని ఒక అనుబంధ కళాశాలలో. ఆసుపత్రిలో 17 వేలు తెచ్చుకుంటున్నది అందులో ఒకరే. పెద్ద యూనివర్సిటీలో చదివినతనికి 14 వేలు. ఆసుపత్రి వాళ్లు హోర్డింగు చూసి జీతం ఇవ్వరు. ఆ కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటుకు ఏడాదికి 1.1 లక్షలు. నాలుగేళ్లకు 4.4 లక్షలు. మొదటి ఏడాది ఆన్‌లైన్ క్లాసులే కాబట్టి హాస్టల్ మూడేళ్లకే, 2.4 లక్షలు. మిగతా ఖర్చులు 60 వేలు. మొత్తం 7.4 లక్షలు. ఇంటి డబ్బు 2.4, అప్పు 5. చేతిలో ఇరవై వేలు మిగిలాయి.

చేరే ముందు ఆ కాలేజీ ల్యాబు చూసి రమ్మన్నాను. తండ్రీ కూతురూ మాస్కులు కట్టుకుని వెళ్లొచ్చారు. పాత ఈసీజీ మిషన్లు, డీఫిబ్రిలేటరు, విప్పి పెట్టిన డయాలసిస్ మిషను ఒకటి ఉన్నాయని చెప్పింది. విప్పి పెట్టింది ఉందనగానే నాకు నమ్మకం కుదిరింది.

కేంద్రం వడ్డీ రాయితీ పథకం గురించి ఒక మాట. ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు, గుర్తింపు ఉన్న సంస్థల్లో వృత్తివిద్యా కోర్సులకు, మారటోరియం కాలపు వడ్డీని ప్రభుత్వం భరించే పథకం 2009 నుంచి ఉంది. మేనేజ్‌మెంట్ సీటు కావడంతో మా కేసును బ్యాంకు దానికి పంపలేదు. మేమూ ఆ ఆశ పెట్టుకోకుండానే లెక్క వేశాం. ఇప్పుడు చేరేవాళ్లకు పీఎం విద్యాలక్ష్మి ఉంది, 2024 నవంబరులో కేబినెట్ ఆమోదించింది. ర్యాంకింగుల ఆధారంగా ఎంచిన సంస్థల్లో (ఆమోదించినప్పుడు 860) చేరితే తాకట్టు, హామీ లేకుండా అప్పు ఇస్తారు. ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు అప్పు మీద మారటోరియం కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి. మాకు ఆ రోజు ఆ వెసులుబాటు లేదు.

అప్పు మంజూరైంది. చదువు కాలపు వడ్డీని అమ్మాయి తల్లి తన మీద వేసుకుంది. రెండు బర్రెల పాల డబ్బు పదిహేను రోజులకోసారి వస్తుంది. నెల మొదటి బిల్లు బ్యాంకుకు, రెండోది ఇంటికి. మొదట్లో నెలకు 885 రూపాయలు. రెండో విడత విడుదలయ్యాక 1,770. ఆమె ప్రతి కౌంటర్ స్లిప్పునూ ఒక దారానికి గుచ్చి, దేవుడి పటం పక్కన మేకుకు తగిలించేది. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు చూశాను, పసుపు మరకలతో దండలా ఉంది.

నా తప్పు 2022 చివరికి బయటపడింది. తండ్రి ఫోన్ చేశాడు. "ఈ నెల మూడు వేల మూడొందలకు పైన అడుగుతున్నారు సార్. అప్పు ఇంకో లక్షా పాతిక వేలే గదా పెరిగింది. వడ్డీ ఇంత పెరిగిందేంది?"

2020లో నేను లెక్క మొత్తం 8.5 శాతం మీదే వేశాను. అది రెపో రేటుకు, అంటే రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు అప్పిచ్చే రేటుకు, ముడిపడ్డ రేటు. కోవిడ్ కాలంలో రెపో 4 శాతానికి దిగింది కాబట్టి అంత తక్కువ ఉంది. 2022 మే నుంచి రిజర్వు బ్యాంకు పెంచుకుంటూ పోయి 2023 ఫిబ్రవరికి 6.5 చేసింది. మా అప్పు రేటు 8.5 నుంచి 11కు పోయింది. నాలుగో విడత కూడా విడుదలయ్యాక నెల వడ్డీ 4,583. రేటు మారుతుందని నోటితో చెప్పాను గానీ, మారితే ఎంతవుతుందో కాగితం మీద వేసి చూపించలేదు. బ్యాంకులో ఇన్నేళ్లు పనిచేసినవాడిగా నేను చేయకూడని పొరపాటు అది. అడుగున ఉన్న రేటు మీద ఇరవయ్యేళ్ల లెక్క వేసి ఇచ్చాను. ఆ పన్నెండు లక్షల అప్పే తీసుకుని ఉంటే, ఆ 15.57 లక్షల మీద 11 శాతానికి పదిహేనేళ్ల ఈఎంఐ దాదాపు 17,700 అయ్యేది, అదీ రేటు పెరగడంతో చదువు కాలంలో అదనంగా పడే వడ్డీ కలపకుండా. అప్పటి నుంచి ప్రతి కేసుకూ రెండు వరసలు వేస్తున్నాను. ఒకటి ఇవాళ్టి రేటుకు, ఇంకొకటి దాని మీద రెండున్నర కలిపి. రెండో వరసకు కూడా నిలబడితేనే సంతకం.

ఆ ఏడాదిన్నర ఆ ఇంట్లో చాలా టెన్షన్ నడిచింది. మూడో బర్రెను కొన్నారు. ఒక్క నెల కూడా వడ్డీ ఆపలేదు. నాలుగున్నరేళ్లలో కట్టిన వడ్డీ సుమారు 1.7 లక్షలు. అది కట్టకుండా వదిలేసి ఉంటే 5 లక్షల అప్పు 6.7 లక్షలై కూర్చునేది.

2024 జూన్‌లో కోర్సు ముగిసింది. ఆగస్టులో మద్రాసులో ఒక ఆసుపత్రిలో చేరింది. చేతికి 16 వేలు. 2020లో మేమనుకున్న అంకే. నాకేమో సంతోషం కలగలేదు, నాలుగేళ్లు గడిచినా ఆ అంకె అక్కడే ఉందని బాధ కలిగింది. ఇంజినీరింగ్ చదివిన మనిషి, ఐసీయూలో ఇన్‌ఫ్యూజన్ పంపు గంటకు ఎన్ని మిల్లీలీటర్లు పంపుతోందో కొలిచి సంతకం పెట్టే మనిషి, ఆ సంతకం తప్పైతే రోగి ప్రాణం మీదికొస్తుంది. ఆ మనిషికి ఇచ్చేది పదహారు వేలు. ఆసుపత్రికి ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత) గుర్తింపు తనిఖీలు వచ్చినప్పుడు రాత్రి పదకొండు దాకా ఉండి ప్రతి పరికరం హిస్టరీ షీటూ సరిచూసేవాళ్లు. ఒకసారి ఫోన్‌లో ఫొటో పంపింది. వెంటిలేటరు పక్కన అంటించిన చిన్న స్టిక్కరు. కాలిబ్రేషన్, అంటే పరికరం కొలతలు సరిచూడడం, చేసిన తేదీ, మళ్లీ చేయాల్సిన తేదీ, కింద ఆమె పొడి సంతకం.

గదికి, తిండికి పోను ఐదారు వేలు మిగిలేవి. రెండో నెల నుంచి వడ్డీ తానే కట్టింది. పాల డబ్బు ఆ నెల నుంచి మళ్లీ ఇంటికి చేరింది.

ఈఎంఐ మొదలవ్వాల్సింది 2025 జూలైలో. అంతకు నెల ముందు ఉద్యోగం మారింది. డయాలసిస్ మిషన్లు, వాటికి నీళ్లిచ్చే ఆర్వో ప్లాంట్లు సర్వీస్ చేసే సంస్థ. నెల్లూరు, ప్రకాశం జిల్లాలు తిరగాలి. 23 వేలు, తిరుగుడు ఖర్చులు వేరే. ఇంట్లోనే ఉంటుంది కాబట్టి గది అద్దె లేదు. ఈ పని ఆమెకు దొరకడానికి కాలేజీలో విప్పి పెట్టిన ఆ పాత మిషనే కారణమని ఆమె అంటుంది. ఇంటర్వ్యూలో మూత తీసిన మిషను ముందు నిలబెట్టి గొట్టాలు ఏవి ఎటు పోతాయో చెప్పమన్నారట.

ఆ పని గురించి ఆమె చెప్పింది విన్నాకే నాకు ఈ చదువు విలువ సరిగ్గా అర్థమైంది. ఒక్క డయాలసిస్‌కు నాలుగు గంటలు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల ద్రవం మిషన్‌లో నడుస్తుంది. మొత్తం 120 లీటర్లు. ఫిల్టరులోని పలచటి పొర ఒక్కటే ఆ నీటికీ రోగి రక్తానికీ మధ్య అడ్డు. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు, లవణాలు ఎంతెంత ఉంటాయో ప్రకాశం జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆర్వో పొర త్వరగా పూడుకుపోతుంది. ఆమె వెళ్లగానే మొదట చూసేది తెర మీద కండక్టివిటీ అంకె, ద్రవంలో లవణాలు సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పేది. పధ్నాలుగు దగ్గర నిలకడగా ఉండాలి. ఊగితే ఆ రోజు అక్కడే. ఒకసారి అలా రాత్రి తొమ్మిదింటికి బస్సు తప్పిపోయి, నర్సుల గదిలో పడుకుని పొద్దున్నే వచ్చింది. తండ్రికి అది నచ్చలేదు. ఆమెకు నచ్చింది.

2025లో రెపో తగ్గి జూన్‌కు 5.5 అయింది, మా రేటు 10కి దిగింది. అసలు 5 లక్షలే ఉంది. పదేళ్లకు ఈఎంఐ 6,608. జీతంలో 29 శాతం లోపు. పాత జీతమే ఉంటే 41 శాతం అయ్యేది. ఏడేళ్లకు పెట్టుకుంటే 8,300. నేను పదేళ్లే పెట్టమన్నాను. మారే రేటు మీద వ్యక్తులు తీసుకున్న ఇలాంటి అప్పు ముందే కట్టేస్తే బ్యాంకు జరిమానా వేయకూడదు. కాబట్టి కాలం ఎక్కువ పెట్టుకుని, డబ్బున్న నెల ఎక్కువ కట్టడమే క్షేమం. ఆదాయపు పన్ను చట్టం 80ఈ సెక్షను కింద చదువు అప్పు వడ్డీకి పన్ను మినహాయింపు వస్తుందని ఎవరో చెప్పారట. ఆమె జీతానికి పన్నే పడదు. అలాంటప్పుడు ఆ మినహాయింపు విలువ సున్నా. అప్పు అమ్మేవాళ్లు దీన్ని లాభంగా చూపిస్తారు, నమ్మొద్దు.

నేను చెప్పిన ఈసీఈ దారి పట్టి ఉంటే? దానికీ నా దగ్గర ఒక జవాబుంది. అదే నెలలో వచ్చిన ఇంకో కుటుంబం అబ్బాయిని ఆ దారిలోనే పంపాను. అప్పు లేదు. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందని కాలేజీ సర్టిఫికెట్లు ఆపింది, 70 వేలు బయట వడ్డీకి తెచ్చి కట్టారు. ఐటీ ఆఫరు వచ్చినా చేరే తేదీ ఎనిమిది నెలలు వాయిదా పడింది. ఇప్పుడు 27 వేలు. డబ్బు ఒక్కటే చూస్తే ఇవాళ్టికీ అతనే ముందున్నాడు. ఈ మాట ఆ అమ్మాయికీ చెప్పాను. "తెలుసు సార్" అంది.

గత నెల మళ్లీ వచ్చింది. ఈసారి ఒంటరిగా, స్కూటీ మీద. తనతో చదివిన ఇద్దరు అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లారు. అక్కడి కార్మిక గణాంకాల శాఖ లెక్క ప్రకారం బయోమెడికల్ ఇంజినీర్ల మధ్యస్థ వార్షిక వేతనం 2024 మేలో 1,06,950 డాలర్లు. తాను కూడా వెళ్తే ఎలా ఉంటుందని అడిగింది. కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన ఖర్చు 45 లక్షలు.

ఆ వేతనం నిజమే, కానీ అది అక్కడ ఉద్యోగంలో ఉన్నవాళ్లందరిదీ. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లూ అందులో ఉన్నారు. మనవాళ్లకు చదువయ్యాక పనిచేయడానికి ఏడాది, సైన్సు సాంకేతిక కోర్సులకు ఇంకో రెండేళ్లు, మొత్తం మూడేళ్ల అనుమతి. ఆ తర్వాత హెచ్‌-1బీ లాటరీ. 2025 సెప్టెంబరులో అమెరికా బయట ఉన్నవాళ్ల కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము కూడా ప్రకటించారు. 45 లక్షలకు 11 శాతం మీద పదేళ్ల ఈఎంఐ, చదువు కాలపు వడ్డీ కలపకుండానే, 62 వేలు. అక్కడి జీతంతో అది తేలికే. తిరిగి రావాల్సి వస్తే 23 వేల మీద అది మోయలేం. పైగా ఈసారి అవ్వ ఇల్లు ఒక్కటే చాలదు, పొలం కూడా అమ్మాలి.

ఆమె నవ్వి, సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. అందులో క్లినికల్ ఇంజినీరింగ్ ఎంటెక్ వివరాలు. 2020లో నేను రాసిచ్చిన పేరే. గేట్ రాయాలనుకుంటోంది. స్టైపెండు 12,400 వస్తే ఈఎంఐ పోను 5,800 మిగులుతాయి, అది చాలదు. రెండేళ్ల ఈఎంఐ 1,58,592 ముందే పక్కన పెట్టుకుని వెళ్లాలి. ఆమె దగ్గర 62 వేలున్నాయి. నెలకు ఎనిమిది వేలు దాచగలదు. కాగితం మీద ఇద్దరం కలిసి కూడుకుంటే ఇంకా పన్నెండు పదమూడు నెలలు పడుతుంది.

"అయితే వచ్చే ఏడాది గేట్ కాదు సార్, ఆ పై ఏడాది" అని పుస్తకంలో రాసుకుని వెళ్లింది. ఆ సాయంత్రం ఆమెకు కందుకూరులో ఒక ప్లాంటు చూడాల్సిన పని ఉంది.